వెల్లకిలా తేలడం వచ్చాక...

స్విమ్మింగ్‌పూల్‌లో 25 మీటర్ల దూరాన్ని ఆగకుండా అరవైసార్లు ఈదేవాణ్ని. అంటే 1,500 మీటర్లు. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌లో ఒలింపిక్ దూరం అంతే. ఇక భయమెందుకు అనుకున్నా. రుషికొండ దగ్గర సముద్రంలోకి దిగిన మొదటిరోజు యాభై మీటర్లు వెళ్లానో లేదో ఊపిరాడలేదు. కింద నేల కనపడదు, పట్టుకోవడానికి గోడ లేదు. వెంట పడవలో ఉన్న కోచ్ ఒడ్డుకు చేర్చారు.

మాది కోటవురట్ల. మా మండలంలోంచి పారే వరాహ నదిలో ఓ వానాకాలం మా చిన్నమావయ్య కొట్టుకుపోయాడు. ఆయనకి ఈత బాగా వచ్చు. అప్పట్నుంచీ ‘ఏటి వైపు వెళ్లావంటే కాళ్లిరగ్గొడతాను’ అనేది అమ్మ. ముప్ఫై దాటాక పట్నంలో ఈత నేర్చుకున్నా, ఆ భయం మాత్రం నాతోనే ఉంది.

‘నీకు ఈత రాక కాదు, ఊపిరి వదలక ఈ తిప్పలు’ అన్నారు కోచ్. భయపడితే మనిషి గాలి బిగబడతాడు. లోపలిది వదిలితేనే కదా కొత్త గాలికి చోటు! అందుకే రెండు వారాలు ఈదనివ్వలేదు. నడుంలోతు నీళ్లలో ముఖం ముంచి బుడగలు వదలడం, వెల్లకిలా తేలుతూ ఆకాశం చూడటం... అంతే. తర్వాత ఒడ్డు వెంబడే పది బారలు, ఇరవై బారలు. మధ్యమధ్యలో కళ్లు పైకెత్తి ఒడ్డున ఓ గుర్తు చూసుకోవడం. పోటీలోనైనా అలసిపోతే, ఆగి ఉన్న పడవని పట్టుకుని సేదతీరొచ్చు, దాని సాయంతో ముందుకు మాత్రం వెళ్లకూడదు. ఆ సంగతి తెలిశాక సగం బరువు దిగింది.

మిగతా సగం గోలి శ్యామల గారి గురించి చదివాక దిగింది. నలభై దాటాక ఈత నేర్చుకున్న ఆవిడ 2021లో పాక్ జలసంధిని ఈదారు. 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడకు 150 కిలోమీటర్ల ఈత పూర్తిచేశారు. అదీ మా అనకాపల్లి జిల్లా తీరం మీదుగానే!

సముద్రం నెమ్మదిగా ఉన్న ఓ ఫిబ్రవరి ఉదయం 750 మీటర్లు ఈది వచ్చా. మధ్యలో రెండుసార్లు భయమేసింది. రెండుసార్లూ వెల్లకిలా తేలి, ఊపిరి వదిలి, మళ్లీ కదిలా. ఒడ్డున తువ్వాలుతో అమ్మ.

‘బాగానే ఈదావు గానీ, ఏటికి మాత్రం వెళ్లకురా’ అంది తల తుడుస్తూ.

‘వెళ్లనమ్మా’ అన్నా. వరదొచ్చిన ఏట్లో ఏ ఈతా పనికిరాదని మావయ్యే చెప్పి వెళ్లాడు. భయాలన్నీ పోగొట్టుకోవాల్సినవే కాదు, కొన్ని దాచుకోవాల్సినవీ ఉంటాయి.