కారు దిగి తాగవలసిన చాయ్

శంకర్‌పల్లి దారిలోని దొంతన్‌పల్లి నుండి కుటుంబంతో చార్మినార్ చూడబోయేవారు వాహనాన్ని దూరంగా నిలిపి కొంత నడవక తప్పదు. మక్కా మస్జిద్‌ను ఆనుకొని 1993 నుండి నడుస్తున్న నిమ్రా కేఫ్ ఆ నడకకు తగిన మజిలీ.

ఇరానీ చాయ్‌కి డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరగిన పాలు వేరొక పాత్రలో ఉంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్‌లో తీపి, ఉప్పు ఒకదాన్నొకటి మించవు. ముంచి క్షణం ఆలస్యం చేశామా, కప్పు అడుగున వెతుక్కోవాలి!

కూర్చునే చోటు తక్కువ. నమాజు ముగించి వచ్చిన వృద్ధుడు, లాడ్ బజార్‌లో గాజుల బేరం తెమిల్చుకున్న గృహిణి, మెడలో కెమెరాతో విదేశీయుడు పక్కపక్కనే నిలబడి తాగుతారు. కారు కిటికీలోంచి బర్గర్ అందుకొని సాగిపోయేవారికి ఈ పొరుగు దొరకదు. పాత ఇరానీ హోటళ్లలోనూ అపరిచితులు ఒకే పాలరాతి బల్లను పంచుకొనేవారు. వీధి మలుపుల్లోని ఆ హోటళ్లు అనేకం మూతపడ్డాయి. వాటిలో స్త్రీలకు చోటు అంతంతమాత్రమేనన్నదీ నిజమే. ఇక్కడ మాత్రం తల్లులు పిల్లలకు బిస్కెట్లు తుంచి ఇస్తూ కనిపిస్తారు.

బిస్కెట్లు పెట్టెలో దొంతన్‌పల్లి దాకా వస్తాయి. చాయ్ అక్కడే తాగి రావాలి.