ప్రళయకావేరి తీరమున సెలవుదినములు

సెలవులకు సముద్రతీరమున కెచ్చటికైన పోవలయునని యింట మాట పుట్టగానే ఒక్కొక్కరి కోరిక యొక్కొక్క తీరున నుండును. మగపిల్లలకు శ్రీహరికోటలో రాకెట్టు లేచుట చూడవలెను. ఆడపిల్లకు సైకిలుపై దూరము పోవలెను. యజమానునకు పాతకోటలును సమాధులమీది వ్రాతలును కావలెను. ఇంటి యాడువారమైన మేము నీరు, పక్షులు, పొయ్యి ముట్టింపని మూడు దినములు కోరెదము. ఈ తుదికోరికను మాత్ర మెవ్వరును జాబితాలో వ్రాయరు. ఇవి యన్నియు నొక్క ప్రయాణముతో తీఱుచోటు తెలుగునాటనే కలదు. అది నేడు పులికాటు సరస్సని పేరువడిన ప్రళయకావేరి. మేము గడచిన సంక్రాంతికి పోయివచ్చితిమి. మరల పోవుటకు ఏర్పాట్లు చేసికొనుచున్నాము. సోదరీమణులలో నెవరికైన నిట్టి యాలోచన యున్నచో నుపకరింపగలదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉప్పునీరును మంచినీరును కలిసిన సరస్సులలో మన దేశమున చిలుకసరస్సు పిమ్మట నిదియే పెద్దది. దీనికి తూర్పున శ్రీహరికోట యను పొడవైన యిసుకదీవి, దాని కావల బంగాళాఖాతము. పడమట సూళ్ళూరుపేట. ఈ యూరు గూడూరునుండి చెన్నపట్టణము పోవు రైలుమార్గమున, చెన్నపట్టణమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. 2022వ సంవత్సరము వఱకు నెల్లూరు జిల్లాలోనిదై, పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. బస చేయుట కిదియే తగినచోటు.

ఎప్పుడు పోవలయును? బడిపిల్లలు గలవారికి సెలవులు మూడే: దసరా, సంక్రాంతి, వేసవి. వేసవిలో పోయినచో సరస్సు ఉత్తరభాగము చాలవఱకు ఎండి, నెఱ్ఱెలువాఱిన నేలయే కన్పట్టును. పక్షులును తఱచుగా నుండవు. దసరా మొదలు కార్తికము వఱకు ఈశాన్యపు వానలు, వాయుగుండములు. ఈ వానలవలననే సరస్సు నిండును గాని, ప్రయాణమున కవి యనుకూలములు కావు. ఇక సంక్రాంతి. నీరు నిండియుండును, ఎండ తాళదగియుండును, వలసపక్షులు వచ్చి చేరియుండును. ఇచ్చటివారు 2001వ సంవత్సరమున నారంభించిన ఫ్లెమింగోల పండుగయు నీ చలికాలమునకే యేర్పడినది. పండుగదినములలో బస దొరకుట కష్టము. పక్షులకంటె జనమే మెండు. ఆ దినములు తప్పించి పోవుట మేలని మా యభిప్రాయము.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ప్రయాణమును రాకెట్టుకు ముడివేయరాదు. 2019వ సంవత్సరము జూలై 15వ తేదీ తెల్లవాఱుజామున చంద్రయాన్-2 బయలుదేరవలసియుండగా, ఇంక 56 నిమిషముల 24 సెకనులే యున్నవనగా లోపము కనుగొని నిలిపివైచిరి. అది 22వ తేదీన గాని లేవలేదు. నిదుర మాని చూడవచ్చిన వేలమంది ఆ రాత్రి యట్లే మరలిపోయిరి. నిలుపుట వివేకమే, ఆ శాస్త్రజ్ఞుల నెవ్వరును తప్పుపట్టరు. కాని యేడాదికొక్కసారి చీటీపాట సొమ్ముతో పిల్లలను తీసికొని పోవు కుటుంబమునకు వారము దినములు వేచియుండు తాహతు లేదు. కావున పక్షులను, నీటిని, దారిని నమ్మి తేదీ పెట్టుకొనవలెను. ఆ దినములలో ప్రయోగము పడెనా, అది దేవుడిచ్చిన కొసరు. చలికాలమునను ప్రయోగములు లేకపోలేదు. శ్రీహరికోటనుండి జరిగిన నూఱవ ప్రయోగము 2025వ సంవత్సరము జనవరి 29వ తేదీ ఉదయముననే జరిగినది. మేము పోయిన మూడు దినములలో నేదియు లేకుండెను. మా చిన్నవాడు రైలులోనే ముఖము ముడుచుకొనెను. వాని ముఖమును విప్పినవి గూడబాతులు.

సూళ్ళూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, నాయుడుపేట పోవు దారిలో నేలపట్టు అను పల్లె కలదు. అచ్చటి చెఱువులో మొలలోతు నీట నిలిచిన చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టును. అవి పిల్లలను పొదుగుట నేలపట్టున, మేతకు పోవుట పులికాటునకు. ఉదయమున బారులు తీఱి సరస్సువైపు ఎగిరిపోయి, క్రింది ముక్కునకు వ్రేలాడు సంచిలో చేపలు పట్టి, మ్రింగి, మరలివచ్చును. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి మేత తినును. దూరదర్శినిలో దానిని చూచి మా చిన్నవాడు, “అమ్మను మ్రింగుచున్న” దని కేకవైచెను. ఒక పిల్ల తినగానే రెండవది దూర్చును. తల్లి మరల నెగురును. మేము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. నత్తగుల్లకొంగలు, నీటికాకులు, తెల్లని కంకణములును అవే చెట్లపై కాపురముండును. పక్షుల రెట్ట కలిసిన చెఱువునీరు పైరునకు బలమని అచ్చటి రైతు లెఱుగుదురు. అందుచేత వానిని తరుమరు, తరుమనీయరు. కాపరి చెప్పిన మాటలు మా పిల్లలు పాఠమువలె విని, బిగ్గరగా మాటాడుట మానిరి.

రెండవ దినము సైకిళ్ళకు పెట్టుకొంటిమి. మా సైకిళ్ళను రైలులో సామానుగా కట్టించి, బ్రేకు వ్యానులో వేయించి తెచ్చుకొంటిమి. గాలికొట్టు పంపు, పంక్చరు వేయు సామగ్రి తప్పక వెంట నుండవలెను. సరస్సు నడుమ దుకాణము లుండవు. చీర కట్టినవారు అడ్డుకమ్మి లేని సైకిలును, గొలుసునకు మూతను, వెనుకచక్రమునకు చీరకొంగు చిక్కకుండ వలను చూచుకొనవలయును. మా తోడికోడలు బడి మానిన పిమ్మట సైకిలెక్కి యెఱుగదు. “నలుగురు చూచిన నేమనుకొందు” రని అత్తగారు గొణిగిరి. “నలుగురు లేరు, అన్నియు కొంగలే” యని మా యమ్మాయి యనగా ఆమెకును నవ్వువచ్చెను. తుదకు అత్తగారు పులిహోరడబ్బాతో ఆటోలో కూర్చుండి మా వెనుకనే మెల్లగా వచ్చుట కొడంబడిరి.

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్లు. దారి సరస్సునకు అడ్డముగ వేసిన కట్టమీదుగ పోవును. ఎత్తుపల్లములు లేవు, నీడయు లేదు. కావున తెల్లవాఱకమునుపే బయలుదేరవలెను. పోవునపుడు సూర్యుడు కన్నులకెదురుగా లేచును, ఈశాన్యపుగాలి యెదురొత్తును. వచ్చునపుడు అదే గాలి వీపున చేయివైచి త్రోయును. అలసట తొలుతనే తీఱిపోవు నట్టి దారి పిల్లలకు మంచిది. బస్సులును లారీలును వచ్చును గనుక పిల్లలను వరుసగా, పెద్దవారి నడుమ నడిపింపవలయును. కట్ట కిరుప్రక్కల నీరే. ఆ నీట దూరమున తెల్లనిగీతవలె నున్నది మొదట నురుగనుకొంటిమి. ఎండ సోకగానే అది గులాబివన్నె దాల్చినది. ఫ్లెమింగోలు! ఎన్ని వందలో మాకు లెక్క తేలలేదు.

వీనిని మనవారు రాజహంసలందురు. కవులు వర్ణించిన హంస యిది కాదనియు, హిమాలయములు దాటివచ్చు పట్టెతల బాతే యాహంస మనియు కొందఱు పండితుల మతము. ఏమైనను, పాలను నీటిని వేఱుచేయునను ప్రతీతి యీ పక్షికే యెక్కువ తగునని మాకు తోచినది. ఇది తలను తలక్రిందుగా నీటముంచి, ముక్కులోని జల్లెడవంటి యంచులతో బురదనీటిని వడగట్టి, సూక్ష్మమైన రొయ్యలను నాచును మాత్రము నిలుపుకొనును. ఆ యాహారములోని వర్ణద్రవ్యమే యీకలకెక్కి గులాబిరంగగును. పిల్లలు పుట్టుకతో బూడిదవన్నెవి. మన దేశమున నివి గుంపులుగా గ్రుడ్లుపెట్టుచోటు కచ్ఛములోని రణ్ ప్రాంతము.

మా తోడికోడలు ఆవలియొడ్డు చేరువఱకు ఒక్కసారియు దిగలేదు. మమ్ములనందఱను దాటిపోయి, కట్టచివర సైకిలుదిగి, చెమట తుడుచుకొనుచు మాకై నిలిచియుండెను. పెండ్లియై పండ్రెండేండ్లాయెను; ఆమె మాకంటె ముందుండుట మే మదే చూచుట. అత్తగారు ఆటో దిగి, మాటలాడక, తొలి పొట్లమును ఆమె చేతికే యిచ్చిరి.

అనుమతి లేనివారు అంతరిక్షకేంద్రపు ద్వారము దాటి పోరాదు. ఆ ద్వారము ముందఱ పిల్లలకు రెండు సంగతులు చెప్పితిమి. మొదటిది, ఈ చోటే యేల యని. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. శ్రీహరికోట యున్న యక్షాంశమున నేల సెకనునకు సుమారు 450 మీటర్ల వేగమున పోవుచున్నది. నడుచు బండినుండి ముందునకు దుమికినవానికి బండివేగము కలిసివచ్చినట్లు, తూర్పునకు వదలిన రాకెట్టునకు నీ వేగము ఖర్చు లేకుండ దొరకును. తూర్పున సముద్రమే గనుక విఱిగిపడిన భాగములు జనముపై పడవు. ధ్రువములమీదుగ పోవలసిన రాకెట్లు మాత్రము దక్షిణమునకు పోవుటలో సింహళము నడ్డము దాటకుండ కొంత వంకరదారి పట్టవలెను. ఇచ్చటినుండి తొలి చిన్న రాకెట్టు లేచినది 1971వ సంవత్సరము అక్టోబరు 9న. 1980 జూలై 18న మన రాకెట్టు మన యుపగ్రహమును కక్ష్యలో నిలిపినదియు నిచ్చటినుండియే. దీనికి 2002లో సతీష్ ధవన్‌గారి పేరిడిరి. సైకిలును చిన్నచూపు చూడరాదని మఱియొక మాటయు చెప్పితిమి: కేరళలోని తుంబాలో తొలినాళ్ళలో రాకెట్టు ముక్కుభాగమును సైకిలు వెనుక కట్టి తీసికొనిపోవుచున్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము.

రెండవ సంగతి మా పాఠ్యపుస్తకములలో వ్రాయనిది. ఆ దీవి యానాదుల నివాసము. అడవిలో తేనె, మూలికలు, సరస్సులో చేపలు వారి జీవనము. ఆ యడవికట్టెలు పడవలలో బకింగుహాం కాలువవెంట చెన్నపట్టణపు పొయ్యిలకు పోవుచుండెడివి. 1969లో కేంద్రమునకై యీ చోటు నెన్నుకొన్న పిమ్మట పల్లెలు ఖాళీచేయవలసివచ్చెను. చంద్రునిపై మన జెండా చేరినదని మనము సంతసించునపుడు, ఎవరి గుడిసె తీసివేసిన చోటునుండి యది లేచినదో పిల్లలు తెలిసికొనుట మంచిదే.

ప్రయోగమున్న దినమున చూడగోరువారు 2019లో తెఱచిన సందర్శకుల గ్యాలరీకి ముందుగా కంప్యూటరుద్వారా పేర్లు నమోదు చేసికొని, గుర్తింపుపత్రములు వెంట తీసికొని పోవలెను. ఆ దినమున దారిలో పోలీసు కట్టుబాట్లుండును గనుక సైకిళ్ళను బసలోనే యుంచుట మేలు. పిల్లలకు గడియారమిచ్చి లెక్కపెట్టమనవలెను: వెలుగు వెంటనే కన్పట్టును, చప్పుడు మాత్రము 10 కిలోమీటర్ల దూరముననున్నవారికి సుమారు 30 సెకనులకు గాని చేరదు.

మూడవదినము యజమానునిది. సరస్సు దక్షిణపుకొసనున్న పులికాటు పట్టణము తమిళనాటిది. 1613లో డచ్చివారు కట్టిన గెల్డ్రియా కోట శిథిలములును, చెక్కడపుపనిగల వారి సమాధులును చూచిరి. ఆయన వ్రాతలు చదువుచుండగా మేము చెట్టునీడన కునుకు తీసితిమి.

రాత్రి రైలునకు వ్యవధి మిగిలినచో సూళ్ళూరుపేటలో కాళంగినది యొడ్డున చెంగాళమ్మను దర్శింపవచ్చును. ఆ గుడితలుపులు మూయు వాడుక లేదు. ప్రయోగమునకు ముందు శాస్త్రజ్ఞులును వచ్చి మ్రొక్కిపోవుదురు. మేమును మ్రొక్కితిమి, మా చిన్నవాడు మాత్రము, ఈసారి రాకెట్టు ఆగకూడదని బిగ్గరగానే చెప్పుకొనెను.