వీపు మీది గాట్లు

బంజారా హిల్స్‌లోని మా ఇంటికి సమీపంలోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. 1998లో దానికి ఆ హోదా లభించింది. ఫజ్ర్ నమాజు తర్వాత అక్కడి బాటలో నడవడం మా దంపతులకు ఏళ్ల నాటి అలవాటు. ఒకనాడు పొదల చాటున ఉన్న నెమలిని దగ్గరగా ఫోటో తీయాలన్న ఆశతో బిస్కెట్ ముక్కలు చల్లాము. అది వచ్చింది, ఫోటో చక్కగా కుదిరింది. ఇంటికి వచ్చి ఎంతో ఉత్సాహంగా అమ్మీకి చూపించాము. ఆమె ముఖంలో సంతోషం కానరాలేదు. “పురుగో గింజో తానే వెదుక్కొని తినే శక్తిని అల్లాహ్ దానికి ఇచ్చాడు. మీరు దానికి చేయి చాపడం నేర్పి వచ్చారా?” అన్నారు. మేము బదులు చెప్పలేకపోయాము.

ఆ తర్వాతి చలికాలంలో అమెరికాలోని టాంపా నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు వెళ్లాము. వయోభారం వల్ల అమ్మీ రాలేదు. “అక్కడ నీళ్లలో ఆవులాంటి జంతువు ఉంటుందట. దాని ఫోటో తీసుకురండి. కానీ దానికి బిస్కెట్లు వేయకండి” అని నవ్వుతూ సాగనంపారు.

ఆమె చెప్పిన జంతువు మనాటీ. గడ్డీ నాచూ మేసి బతికే సాధుజీవి. సుమారు మూడు మీటర్ల పొడవు, నాలుగైదు క్వింటాళ్ల బరువు ఉంటుంది. నీటిలోనే జీవించినా గాలి పీల్చుకోవడానికి కొన్ని నిమిషాలకొకసారి పైకి రావలసిందే. చేపలతో దానికి చుట్టరికం లేదు. దగ్గరి బంధువు ఏనుగు. అంతటి దేహం ఉన్నా చలికి తాళలేదు. సముద్రపు నీరు 20 డిగ్రీల కంటే చల్లబడితే దాని ప్రాణానికే ముప్పు. అందుకే చలికాలంలో అవి ఫ్లోరిడాలోని క్రిస్టల్ రివర్ ఊటల వద్దకు వందలాదిగా చేరుతాయి. అక్కడ భూమిలోంచి ఉబికే నీరు ఏడాది పొడవునా సుమారు 22 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. వాటి రక్షణ కోసమే 1983లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు.

తెల్లవారుతుండగా పడవ ఎక్కాము. నీటి మీద పొగమంచు కదలాడుతోంది. ముట్టుకోరాదు, వెంబడించరాదు, మేత వేయరాదు, తల్లినీ దూడనూ విడదీయరాదు అని పడవ నడిపే పెద్దాయన ముందే చెప్పారు. అబ్బాయి రబ్బరు దుస్తులు తొడుక్కొని కెమెరాతో నీటిలోకి దిగి కదలకుండా తేలుతూ ఉండిపోయాడు. మేము పడవలోనే కూర్చున్నాము.

కొంతసేపటికి పడవ పక్కనే బూడిద రంగు బండ ఒకటి మెల్లగా పైకి లేచింది. ముక్కు రంధ్రాలు తెరిచి బుస్సుమని గాలి వదిలింది. ఆ వెనుకే చిన్న దూడ. అంత దగ్గరగా చూస్తామని మేము అనుకోలేదు. అప్రయత్నంగా మా చేయి నీళ్ల సీసా మీదికి వెళ్లింది. దప్పిగొన్న కుక్కకు నీరు పోసినవాని ఉదంతం వింటూ పెరిగినవాళ్లం కదా! నీళ్లు పోయడంలో తప్పేముంటుంది అనుకున్నాము.

పెద్దాయన చేయి అడ్డుపెట్టారు. “దానికి ఈ ఊటల్లో మంచినీటికి కొదవలేదు. మీరు పోస్తే పడవ దగ్గర నీళ్లు దొరుకుతాయని నేర్చుకుంటుంది. రేపు ఇంకో పడవ దగ్గరికి వెళుతుంది. దాని వీపు చూడండి” అన్నారు.

చూశాము. వీపు మీద వరుసగా నాలుగు తెల్లని గాట్లు. పడవ అడుగున తిరిగే ప్రొపెల్లర్ రెక్కలు కోసిన గుర్తులవి. ఇలాంటి మచ్చలను బట్టే పరిశోధకులు ఏ మనాటీ ఏదో గుర్తుపడతారట. సీసాను సంచిలో పెట్టేశాము. తల్లి వెంట దూడ నిదానంగా ఊట వైపు సాగిపోయింది. అబ్బాయి ఉన్నచోటి నుంచి ఒకే ఒక్క ఫోటో తీశాడు. అందులో దూడ లేదు, తల్లి ముఖమూ సరిగా లేదు. వీపూ, దాని మీది గాట్లూ ఉన్నాయి.

ఇంటికి తిరిగి వచ్చాక అమ్మీ ఆ ఫోటోను చాలాసేపు చూశారు. సీసా సంగతి దాచకుండా చెప్పాము. “ఆ కుక్కకు దాహమైంది కాబట్టి అతను నీళ్లు పోశాడు. దీనికి దాహమైందా, మీకు ముచ్చటైందా?” అని అడిగారు.

గాయాలొక్కటే కాదు, ఆకలి కూడా వాటిని చంపుతోందని చెప్పాము. 2021లో ఫ్లోరిడాలో 1,100 మనాటీలు మరణించాయి. నీరు కలుషితమై గడ్డి నశించడం అందుకు ముఖ్య కారణం. “మన దేశంలో ఇలాంటివి లేవా?” అన్నారు అమ్మీ. ఉన్నాయి. దీని దాయాది డుగాంగ్ తమిళనాడు తీరాన గడ్డి మేసుకుంటూ బతుకుతోంది. దాని కోసం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు.

ఇప్పుడు ఉద్యానవనానికి వెళ్లేటప్పుడు మేము బిస్కెట్లు తీసుకెళ్లడం లేదు. మొన్న ఒక నెమలి బాటకు దూరంగా, రాతి మీద కనిపించింది. నిలుచున్న చోటి నుంచే ఫోటో తీశాము. అందులో నెమలి చాలా చిన్నదిగా ఉంది. అమ్మీ కళ్లద్దాలు తెప్పించుకొని, వెదికి మరీ చూశారు.