దండ వేసే ఫొటో

2018 సంక్రాంతి నాటికి నా దగ్గర ఒక నికాన్ డి90, మూడు లెన్సులు, ఒక ట్రైపాడు, రెండు హార్డు డిస్కుల నిండా దాదాపు అరవై వేల ఫొటోలు ఉన్నాయి. ఫొటో తియ్యాలన్న కోరిక మాత్రం లేదు. కెమెరా సంచి జిప్పు తీసి అప్పటికి పద్నాలుగు నెలలైంది. పండక్కి ఊరెళ్తూ, "పిల్లల ఫొటోలైనా తీద్దురుగాని, తీసుకురండి" అని మా ఆవిడ పోరితే తెరిచి చూశాను. కెమెరాతో వచ్చిన 18-105 లెన్సు లోపల సాలెగూడులా తెల్లగా ఫంగస్. చీకట్లో, తేమలో, కదలకుండా పడేస్తే పట్టే బూజు. ఒక్క క్షణం బాధేసింది. ఆ వెంటనే, అబద్ధమెందుకు, హమ్మయ్య అనిపించింది. ఇంక తియ్యకపోవడానికి ఒక కారణం దొరికింది కదా!

మొదట్లో ఇలా లేదు లెండి. 2009లో ఆన్‌సైట్ నుంచి వస్తూ ఆ కెమెరా కొన్నాను. మనవాళ్ళలో చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది. వారమంతా కోడు రాసి, శనివారం పొద్దున్నే అయిదింటికి లేచి చార్మినార్ దగ్గర వాలిపోయేవాణ్ణి. ఎపర్చరు, షట్టరు, ఐఎస్ఓ... మూడూ కలిపితే ఒక సమీకరణం. ఇంజినీరుకి ఇంతకంటే ఏం కావాలి? కాళ్ళు లాగేవి, ఆకలేసేది, ఆనందంగా ఉండేది.

ఎక్కడ చెడిందో కచ్చితంగా చెప్పలేను. లైకులు లెక్కపెట్టుకోవడం మొదలైనప్పుడు కొంత. వరసగా మూడేళ్ళు ఒక పోటీకి పంపిస్తే మూడుసార్లూ అచ్చు గుద్దినట్టు ఒకే మెయిలు వచ్చినప్పుడు కొంత. ఒక సహోద్యోగి పెళ్ళికి ఉచితంగా ఫొటోలు తీసి, రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని తొమ్మిది వందల ఫొటోలు సరిచేసి డీవీడీలో ఇచ్చాను. ఏడాది తరవాత వాళ్ళింటికి భోజనానికెళ్తే, టీవీ కింద అరలో ఆ డీవీడీ కవరు కూడా విప్పకుండా ఉంది. వాళ్ళ తప్పేం లేదు. పెళ్ళివారి ఫొటోగ్రాఫరు ఆల్బం ఇచ్చాడు, అది చూసుకున్నారు. కానీ ఆరోజు అన్నం సహించలేదు.

ఇటు ఆఫీసులో రిలీజుల మీద రిలీజులు. అర్ధరాత్రి కాల్ ముగించి, లైట్‌రూమ్ తెరిచి ఫొటోల వెలుగునీడలు సర్దుతుంటే అదీ ఇంకో టికెట్‌లాగే అనిపించేది. పగలు మూయని టికెట్లు, రాత్రి చూడని ఫొటోలు. ఒకరోజు లైట్‌రూమ్ మూసేశాను. మళ్ళీ తెరవలేదు.

ఒక మిత్రుడు ధైర్యం చెప్పడానికి వివియన్ మయర్ కథ చెప్పాడు. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన మనిషి. లక్షకు పైగా ఫొటోలు తీసి, దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆవిడ సామాను వేలానికి వస్తే అవి బయటపడ్డాయి. లోకం గుర్తించేలోపే 2009లో పోయింది. "చూశావా, ఎవరి మెప్పూ లేకుండా జీవితమంతా తీసింది" అన్నాడు. నిజమే. కానీ నేను అంత గట్టి పిండాన్ని కాను. నా ఫొటో ఎవరూ చూడకపోతే నాకు బాధేస్తుంది. ఆవిడ కథ విన్నాక ఆ బాధకి సిగ్గు కూడా తోడైంది, అంతే.

సరే, పండగ సంగతికొస్తాను. మాది అమలాపురం దగ్గర ఊరు. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రులు, కొబ్బరితోటలో కొలువుదీరతాయి. గంగలకుర్రు ప్రభని కౌశిక నీళ్ళలోంచి మోసుకుంటూ దాటించడం చూసి తీరాల్సిందే. గట్టు మీద నిలబడి చూస్తే నీళ్ళలో ప్రభ, గట్టు పొడుగునా కెమెరాలు, ఫోన్లు. అందరం ఒకే చోట, ఒకే క్షణం కోసం. ఇందులో నేను కొత్తగా తియ్యబోయేదేముంది అనుకుని, సంచి భుజాన ఉండగానే జిప్పు తియ్యకుండా ఇంటికొచ్చేశాను.

అరుగు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. మా అమ్మకి అక్క, అప్పటికి ఎనభై దాటింది. సంచి చూసి, "ఒరే, నువ్వు ఫొటోలు బాగా తీస్తావంట కదా. నాదోటి తియ్యి" అంది.

"దానికేం పెద్దమ్మా, ఇటు చూడు."

"ఇలా కాదురా. దండ వేసే ఫొటో."

"పండగ పూట అవేం మాటలక్కా!" అని లోపలినుంచి అమ్మ కేకలేసింది. పెద్దమ్మ పట్టించుకోలేదు. గోడ మీద పెదనాన్న ఫొటో చూపించింది. "ఆయన పోయాక వెతికితే ఇంట్లో ఫొటో ఏదీ? రేషను కార్డు మీద తపాలా బిళ్ళంత మొహం ఉంటే దాన్నే పెద్దది చేయించారు. పదిహేనేళ్ళుగా దీపం పెడుతున్నాను, ఆ మనిషెవరో నాకే తెలీదు. నవ్వితే ఎడం చెంప మీద సొట్ట పడేది ఆయనకి. అందులో ఏదీ? నేనలా ఉండను."

ఏమనాలో తోచలేదు. ఫొటో చూశాను. నిజమే, మసక మసగ్గా, ముక్కూ కళ్ళూ ఉన్న ఎవరో మనిషి.

అప్పటికప్పుడు వాకిట్లో కుర్చీ వేసి ఓ ఇరవై నాలుగు తీశాను. ఒక్కటీ పనికిరాలేదు. నడినెత్తిన ఎండకి కళ్ళ కింద నల్లటి గుంటలు. కెమెరా చూడగానే ఆవిడ శిలావిగ్రహంలా బిగుసుకుపోయింది. అరవై వేల ఫొటోలు తీసిన మొనగాణ్ణి, ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఎలా తియ్యాలో తెలీదని ఆరోజు తెలిసింది. రాత్రి నిద్రపట్టలేదు. చిత్రమేమిటంటే, ఆ రాత్రంతా ఫొటో గురించే ఆలోచించాను. పద్నాలుగు నెలల తరవాత!

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఉత్తరపు గుమ్మం దగ్గర, వసారాలో రెండు బారల లోపలికి కుర్చీ వేయించాను. అటునుంచి మెత్తటి వెలుతురు వస్తోంది కానీ రెండో చెంప చీకటైపోతోంది. "తెల్లగుడ్డ ఏదైనా ఉందా?" అనడిగితే పెద్దమ్మే లేచి ట్రంకు పెట్టె తీసి ఒక పంచె తెచ్చింది. పెదనాన్నది. దాన్ని రెండోవైపు తాడు మీద ఆరేస్తే, వెలుతురు దానిమీద పడి తిరిగొచ్చి ఆ చెంప తేలింది. బూజు పట్టని లెన్సు ఒకటుంది, 50 ఎంఎం. డి90 మీద అది మొహాలకి బాగా కుదురుతుంది. ఎఫ్ 4, ఐఎస్ఓ 400. ఇంక చేతులు కట్టుకుని కబుర్లు మొదలెట్టాను.

"ఈ పంచె ఎప్పటిది పెద్దమ్మా?"

"మీ అక్క పెళ్ళికి కొన్నారు. అంచు బాగాలేదని కొట్టువాడితో పేచీ పెట్టుకున్నారు..." అంటూ పంచె వైపు చూసింది. అప్పుడు నొక్కాను. పద్దెనిమిది తీస్తే ఒకటి కుదిరింది.

అమలాపురంలో ప్రింటుకిస్తే లాబ్ అబ్బాయి, "ఆయ్, పెద్దావిడ మొహం కాస్త తెల్లగా చేసి ముడతలు తీసెయ్యమంటారా అండి? అందరూ అలాగే అడుగుతారండి" అన్నాడు. వద్దన్నాను. 12x18 సైజులో వేయించాను. పాత కెమెరా పన్నెండు మెగాపిక్సెళ్ళు దానికి హాయిగా సరిపోయాయి.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ప్రింటుని గుమ్మం దగ్గరకి తీసుకెళ్ళి చూసింది. పోటీల ఫలితాల కోసం కూడా నేనెప్పుడూ అంత ఊపిరి బిగబట్టి ఎదురుచూడలేదు. చాలాసేపటికి, "ముక్కుపుడక బాగా పడిందిరా" అంది. పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టేసింది. అంతే!

సాయంత్రానికి వీధిలో తెలిసిపోయింది. సెలవు ఇంకోరోజు పొడిగించి మొత్తం పదకొండుమందిని తీశాను. ఒకాయన భార్యతో కలిసే తియ్యమన్నారు, విడిగా అయితే అక్కర్లేదన్నారు. ఒక మామ్మగారు పక్కన గేదె ఉండాలని పట్టుబట్టింది. లాబ్ అబ్బాయి, "దండ వేసే ఫొటోలో గేదేంటండి?" అని తలపట్టుకున్నాడు :-)

తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తే నా రోగం కాస్త అర్థమైంది. నాకు తియ్యడానికి వస్తువులు అయిపోలేదు, చెయ్యి మొద్దుబారలేదు. నా ఫొటోల కోసం ఎదురుచూసే మనిషి లేడు, అంతే. మన ఉద్యోగంలోనూ ఇంతే కదా. ఎవరూ వాడని మాడ్యూలు ఆరు నెలలు రాస్తే ఒళ్ళు హూనమవుతుంది. ఎక్కడో గోడౌన్లో ఒకాయన బిల్లు రాక నిలబడిపోతే నాలుగు లైన్లు సరిచేసి "ఇప్పుడు చూడండి" అన్న రోజు, రాత్రి రెండైనా అలుపుండదు.

హైదరాబాదులోనే చూడండి. రాజా దీన్‌దయాళ్ (1844-1905) కూడా మనలాగే ఇంజినీరు. రూర్కీలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టుకున్నారు. తరవాత ఆరో నిజాముకి ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. 1892లో ఆడవాళ్ళ కోసమే ఇక్కడ ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. పరదా దాటి రాలేనివాళ్ళకి కూడా తమ ఫొటో ఒకటి ఉండాలని ఉంటుందని ఆయనకి తెలుసు.

అయితే ఆ మూడు రోజులతో అంతా బాగైపోయిందని చెప్తే అది సినిమా అవుతుంది. హైదరాబాదొచ్చాక నీరసం మళ్ళీ వచ్చింది, ఇప్పటికీ వస్తుంటుంది. కాకపోతే కొన్ని మార్చుకున్నాను. ఎవరికివ్వాలో తెలిసిన ఫొటోలు నెలకి ఒకటైనా తీస్తాను. మా వాచ్‌మన్ కుటుంబం, వీధి చివర ఇస్త్రీ ఆయన... ప్రింటు వేయించి చేతికిస్తాను. తీసినవాటిని వారందాకా తెరవను. గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు, తీసేటప్పటి మోజు తగ్గాలని ఏడాది దాకా రీళ్ళు కడిగేవాడు కాదట. నాకంత ఓపిక లేదు, వారం చాలు. పోటీలకి పంపడం మానేశాను. చార్మినార్‌కి ఎప్పుడైనా వెళ్తాను, ఏమీ తియ్యకుండా చాయ్ తాగి వచ్చినా బెంగ లేదు.

పెద్దమ్మ 2021 మే నెలలో పోయింది. అటు కర్ఫ్యూ, ఇటు లాక్‌డౌను, వెళ్ళలేకపోయాను. పదకొండో రోజు వీడియో కాల్‌లో చూశాను. పీట మీద ఆ ఫొటో, దండ, ముందు దీపం. ముక్కుపుడక ఫోన్లో కూడా కనిపించింది. మా అక్క ఫోను పట్టుకుని, "అమ్మ అచ్చం ఇలాగే ఉండేదిరా" అని ఏడ్చింది. నేనక్కడ లేను, నేను తీసింది ఉంది. ఆ ఒక్క ఫొటోకి బదులుగా మిగతా అరవై వేలూ ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను.

బూజు పట్టిన లెన్సు ఇంకా సొరుగులోనే ఉంది. బాగుచేయించలేదు, పారెయ్యనూ లేదు.

మొన్న ఫోన్లో అమ్మ ఆ కబురూ ఈ కబురూ చెప్తూ చెప్తూ, "అందరివీ తీశావు, నాదెప్పుడు తీస్తావురా?" అంది. పండగ పూట అవేం మాటలని ఆరోజు కేకలేసిన మనిషే. వినపడనట్టు మాట మార్చేశాను. మళ్ళీ అడిగింది.

ఈ సంక్రాంతికి 50 ఎంఎం తుడిచి పట్టుకెళ్తున్నాను.