పుట్టిన ఊరు... పేరులోని ఊరు

‘తాతా, మీ ఊళ్లో పుట్టిన గొప్పవాళ్లెవరు?’

డెట్రాయిట్ నుంచి వేసవి సెలవులకు తిరుపతి వచ్చిన మా మనవరాలు దిగిన మర్నాడే వేసిన ప్రశ్న ఇది. పదకొండేళ్ల పిల్ల. వాళ్ల బడిలో డెట్రాయిట్‌లో పుట్టిన ప్రముఖుల జాబితా రాయించారట. ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చింది.

కార్ల ఫ్యాక్టరీల ఊరు కదా, హెన్రీ ఫోర్డ్ పేరే ముందుంటుందనుకున్నాను. లేదు! ఆయన 1863లో పుట్టింది ఊరి బయట ఓ రైతు ఇంట్లోనట. 1927లో అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా, ఎక్కడా దిగకుండా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ ఉన్నాడు. పుట్టడం వరకే అక్కడ, పెరిగింది ఎక్కువగా మిన్నెసోటా రాష్ట్రంలో. ‘గాడ్‌ఫాదర్’ తీసిన కొప్పోలా కూడా ఉన్నాడు. 1939లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో పుట్టాడు, పేరు మధ్యలో ‘ఫోర్డ్’ చేరింది. గాయకుడు స్టీవీ వండర్ పేరు మాత్రం రాసి కొట్టేసి ఉంది. పేరొచ్చింది డెట్రాయిట్‌లోనే అయినా, పుట్టింది సాగినా అనే వేరే ఊళ్లో అని టీచరమ్మ ఒప్పుకోలేదట.

‘మరి మీ లిస్టు?’ అంది. చెప్పడమెందుకు, చూపిస్తాను పద అన్నాను.

మొదట తిరుచానూరు. అమ్మవారి దర్శనం అయ్యాక, వీధిలో నిలబడి చెప్పాను. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1891లో ఈ ఊళ్లోనే పుట్టారు. లోక్‌సభకు తొలి డిప్యూటీ స్పీకర్ ఆయనే. 1956లో మావలంకర్ మరణించాక స్పీకర్ అయ్యారు. ఆ తరవాత బీహార్ గవర్నర్. చివరికి కన్నుమూసిందీ తిరుపతిలోనే. ప్రసాదం దొన్నె నా చేతికిచ్చి, మనవరాలు నోటుపుస్తకంలో ఒకటో నంబరు వేసింది. పుట్టిన ఊరు, పెరిగిన ఊరు, పోయిన ఊరు ఇలా ఒక్కచోటే ఉంటే ఏ పేచీ లేదు. పేచీ అంతా తరవాతే!

చిత్తూరు రోడ్డెక్కాక సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ చెప్పాను. ఇంటిపేరులో ఉన్న సర్వేపల్లి నెల్లూరు వైపుది. ఆయన 1888లో పుట్టింది తిరుత్తణిలో. చిన్నప్పుడు నాలుగేళ్లు మా తిరుపతిలోనే, లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఉప రాష్ట్రపతి మా జిల్లావాడు అని ఆరున్నరేళ్లపాటు ధీమాగా చెప్పుకోవచ్చన్నమాట. 1960 ఏప్రిల్ ఒకటిన సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. రెండేళ్లు దాటగానే, 1962 మేలో, ఆయన రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్లంటే రెండేళ్ల తేడాలో చేజారింది!

‘ఆయన్ను రాయాలా, వద్దా?’ అంది పిల్ల.

‘పెన్సిల్‌తో రాయి’ అన్నాను.

కట్టమంచి ఇప్పుడు చిత్తూరులో కలిసిపోయింది. బస్సులు, ఆటోలు, కొట్లు... ఎక్కడ ఊరు ఆగి ఎక్కడ పల్లె మొదలవుతుందో తెలియదు. కానీ చెరువు ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న పుట్టిన చోటిది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యారు. ఆ రోజుల్లో వైస్ చాన్స్‌లర్‌ను అలాగే అనేవారు. 1930లో, జాతీయోద్యమం మీద సర్కారు అణచివేతకు నిరసనగా ఆ పదవిని వదిలేశారు. 1936లో మళ్లీ ఆ కుర్చీలోకే వచ్చి 1949 వరకూ ఉన్నారు. విద్యార్థిగా ఉండగానే రాసిన ‘ముసలమ్మ మరణం’ కావ్యంలో, గండిపడ్డ చెరువుకు ఓ కోడలు ప్రాణం అర్పించి ఊరిని కాపాడుతుంది. కథ అనంతపురం వైపుదే. కానీ చెరువు పక్కన పుట్టినవాడికి చెరువు విలువ ఒకరు చెప్పాలా?

‘చిత్తూరు జిల్లా అని రాసుకోనా?’

ఇక్కడ నేనే కాస్త తడబడ్డాను. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో! రెడ్డిగారు పుట్టేనాటికి ఇది ఉత్తర ఆర్కాటు జిల్లా. అయ్యంగారు పుట్టినప్పుడూ అంతే. ఆ లెక్కన చూస్తే ఈ పెద్దలెవ్వరూ చిత్తూరు జిల్లాలో పుట్టలేదు. 2022లో ఈ జిల్లానూ విడదీశారు, తిరుపతి వేరే జిల్లా అయింది. పిల్ల కలం ఆపి నా వంక చూసింది. ‘ఊరి పేరు ఒక్కటే రాయమ్మా, జిల్లా జోలికి పోకు’ అన్నాను.

చిత్తూరు అనగానే మన ఇళ్లల్లో మొదట గుర్తొచ్చేది నాగయ్యగారు కదూ? పోతన, త్యాగయ్య, వేమన అంటే ఇప్పటికీ ఆయన మొహమే కళ్లముందు కదులుతుంది. ఆయన పుట్టింది రేపల్లెలో! చిత్తూరుకు వచ్చి, ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని, 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాల్లోకి వెళ్లారు. ఊరేమో ఆయన పేరు ముందు స్థిరంగా కూర్చుంది. ఈ మాట వినగానే మనవరాలు ‘స్టీవీ వండర్!’ అని అరిచింది. డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. వాళ్ల టీచరమ్మ ఉంటే నాగయ్యగారినీ కొట్టేసేదేమో. నేను మాత్రం కొట్టేయనివ్వలేదు.

పుంగనూరులో ఇంకో మెలిక. సంగీత కళానిధి చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై పుట్టింది చిత్తూరులో కాదు, ఇక్కడ. ఈ ఊరికి చిన్న ఆవుల వల్ల వచ్చిన పేరు ఆయన వల్ల రాలేదంటే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. పిల్లకు మాత్రం ఆవే కావాలి. మోకాలెత్తు దూడను చూసి పది నిమిషాలు కదల్లేదు.

మదనపల్లె చేరేసరికి ఎండ తగ్గింది. దారి పొడవునా టమోటా బుట్టల లారీలు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడ పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. ఎనిమిదో కాన్పు కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేదని నేను ఇక నోరెత్తలేదు. ప్రపంచమంతా తిరిగిన ఆయన, ఏ దేశమూ ఏ మతమూ తనది కాదన్న ఆయన, ఈ ఊరికి పది మైళ్ల దూరంలోనే రిషివ్యాలీ బడికి చోటు చూసుకున్నారు.

‘డేట్ చెప్పు తాతా.’

అక్కడా చిక్కే. కొన్ని పుస్తకాల్లో మే 11, కొన్నిట్లో మే 12. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటిన అరగంటకు. గడియారం ప్రకారం తేదీ మారింది. మన పంచాంగానికి సూర్యోదయం దాకా పాతరోజే.

పిల్ల కాసేపు ఆలోచించింది. ‘నేను పుట్టినప్పుడు?’

వాళ్ల దగ్గర శుక్రవారం రాత్రి పదిగంటలు. ఫోన్ మోగేసరికి మేం శనివారం పొద్దుటి కాఫీ తాగుతున్నాం. మా గోడ క్యాలెండర్‌లో శనివారం మీదే సున్నా చుట్టాను.

‘మరి నా జాతకం ఏ టైముతో రాయించారు?’

‘మీ ఊరి టైముతోనే.’

‘మా ఊరంటే ఏది తాతా? రాసుకోవాలి’ అంటూ పెన్ను మూత తీసింది.