ఎంత కట్టాలి సారూ?

భద్రాచలం కోర్టు వరండాలో పెట్టీ కేసువాళ్లు నన్ను అడిగే మొదటి మాట "ఎంత కట్టాలి సారూ?" అని. ఏ సెక్షను పెట్టారు, సాక్షులెవరు, అసలు తప్పు జరిగిందా లేదా అన్నది వాళ్లకు అక్కర్లేదు. పొద్దున బస్సు దిగి వచ్చారు, మధ్యాహ్నం బస్సుకు పోవాలి. ఒక రోజు కూలి ఎలాగూ పోయింది, ఇంకో రోజుది పోకూడదు. వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. అయినా వాళ్లను కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టడమే నా పనిలో కష్టమైన భాగం.

బహిరంగంగా అసభ్యంగా ప్రవర్తించారన్న కేసులు మా దగ్గర సినిమాల్లో చూపించినట్టు ఉండవు. తాగి కరకట్ట మీద ఒంటి మీద గుడ్డ తెలియకుండా పడిపోయినవాడు, బస్టాండు గోడ పక్కన ఒంటేలుకు నిలబడ్డవాడు, వైన్‌షాపు ముందు బూతులు లంకించుకున్నవాడు, జాతరలో రికార్డింగ్ డాన్సు పెట్టించిన కమిటీ కుర్రాళ్లు, చీకటిపడ్డాక స్నానఘట్టాల దగ్గర కూర్చున్న జంట. శ్రీరామనవమికీ ముక్కోటికీ ఊరు నిండినప్పుడు ఇలాంటివి ఎక్కువగా వస్తాయి.

2024 జూలై 1కి ముందు వీటికి ఇండియన్ పీనల్ కోడ్‌లో మూడు సెక్షన్లు ఉండేవి. 290 ప్రజలకు ఇబ్బంది కలిగించడం, జరిమానా 200 రూపాయల దాకా. 294 బహిరంగ ప్రదేశంలో అశ్లీల చేష్ట, పాట, మాట; మూడు నెలల దాకా జైలు. 510 తాగి అల్లరి చేయడం. 24 గంటల ఖైదు లేదా పది రూపాయలు. అవును, పదే. 1860లో రాసిన ఆ అంకెను నూట అరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అవి 292, 296, 355 అయ్యాయి. మూడింటిలోనూ జరిమానా వెయ్యి రూపాయల దాకా వేయొచ్చు. 296లో మూడు నెలల జైలు అలాగే ఉంది. తాగి అల్లరి చేసినవాడికి సమాజసేవ చేయమని చెప్పే వీలు కొత్తగా వచ్చింది.

కాగితం చేతికి రాగానే నేను చూసేది సెక్షను కాదు, సంఘటన జరిగిన చోటు. 2014లో విభజన చట్టాన్ని సవరించినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకుని ఉన్న ఎటపాక లాంటి ఊళ్లు ఆంధ్రలోకి వెళ్లాయి. తాగినవాడు నాలుగు అడుగులు అటు తూలితే రాష్ట్రమే మారిపోతుంది. తర్వాత తేదీ చూస్తాను. జరిమానా మాత్రమే ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదు. ఆ తర్వాత అనుమతి. 292, 355 కేసుల్లో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. ఈ మూడింట్లో ఏదో ఒకటి లోపించిన కాగితాలు చాలాసార్లు నా చేతికి వచ్చాయి. "ఎంత కట్టాలి" అని అడిగేవాడికి ఇవేవీ తెలియవు.

బెంచి క్లర్కు ఎస్.టి.సి. (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరు పిలుస్తాడు. మేజిస్ట్రేటు ఆరోపణ చదివి వినిపిస్తారు, ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ముద్దాయి చెప్పినదాన్ని వీలైనంతవరకు అతని మాటల్లోనే రాయాలని చట్టం. ఒప్పుకుంటే జరిమానా, కొన్నిసార్లు దానికి తోడు కోర్టు లేచేదాకా కూర్చోవడం. రసీదు తీసుకుని వెళ్లిపోవచ్చు. చూడడానికి బస్సు టిక్కెట్టు కొన్నంత తేలిక.

మాది ఏజెన్సీ. వచ్చేవాళ్లలో కోయవాళ్లు, కొండరెడ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు ఉంటారు. తెలుగు సంతలో మాట్లాడేంత వచ్చు, కోర్టులో నిలబడేంత రాదు. ఖాకీ బట్టల మనిషి పక్కనుండగా పెద్ద కుర్చీలోంచి ఏమడిగినా తల ఊపుతారు. నేనున్న కేసుల్లో ముందుగా కోయ తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టి, జరిగింది వాళ్ల నోటే చెప్పించుకుంటాను. ఓసారి తాగి రోడ్డు మీద బట్టలు విప్పేశాడని రాసి ఉన్న ముసలాయన చెప్పింది ఇది: వాగు దాటి వచ్చాడు, తడిసిన పంచె పిండి ఆరేసుకుంటున్నాడు. ఆ సంగతి దుబాసీ ద్వారా మేజిస్ట్రేటు ముందు చెప్పించాం. కేసు అక్కడితో ఆగింది. దుబాసీ లేకపోతే ఆయన కూడా తల ఊపి, డబ్బు కట్టి వెళ్లిపోయేవాడే.

294, అంటే ఇప్పటి 296, జనం అనుకున్నంత వెడల్పయింది కాదు. చేష్ట అశ్లీలమైతే చాలదు, దానివల్ల ఇతరులకు ఇబ్బంది కలగాలి, కలిగిందని ఎవరో వచ్చి చెప్పాలి. గస్తీ కానిస్టేబుళ్లు ఇద్దరే సాక్షులైన కేసు చాలావరకు అక్కడే నీరసపడుతుంది. బూతులు తిట్టడం కూడా దానంతట అది ఈ నేరం కాదు. కామభావన రేపే మాటలై ఉండాలని 2022లో మదనగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెట్రో స్టేషన్ దగ్గర ముద్దు పెట్టుకున్నారని ఢిల్లీలో ఒక పెళ్లయిన జంట మీద 294 పెడితే, అక్కడి హైకోర్టు 2009లో ఎఫ్.ఐ.ఆర్. కొట్టేసింది. ఘాట్ల దగ్గర దొరికిన జంటలకు నేనీ సంగతులు చెబితే సగం మంది వినరు. వాళ్ల భయం శిక్ష గురించి కాదు, ఇంట్లో తెలుస్తుందని. ఆ భయంతోనే ఒప్పేసుకుంటారు. పోరాడమని వాళ్లను నేను బలవంతపెట్టను. కానీ కుర్రాడు ఉద్యోగానికి చదువుతున్నాడా అని మాత్రం అడిగి తీరతాను.

ఎందుకంటే ఒప్పుకోలు మీద వేసిన జరిమానా కూడా చట్టం దృష్టిలో శిక్షే. పోలీసు కొలువో ఫారెస్టు బీట్ ఆఫీసర్ కొలువో వస్తే అటెస్టేషన్ ఫారం ఇస్తారు. ఎప్పుడైనా కేసు ఉందా, శిక్ష పడిందా అని అందులో గడులుంటాయి. ఆ చిన్న రసీదు గుర్తొచ్చి కొందరు దాస్తారు. దాచడం కేసుకంటే పెద్ద తప్పయి కూర్చుంటుంది. అల్పమైన కేసుల్ని యజమాని ఎలా చూడాలో 2016లో అవతార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు వివరించింది. కొంత దయ చూపే వీలుంది, అయితే ఆ దయ అధికారి చేతిలో ఉంటుంది.

దీనికి అందరూ చదవాల్సిన కేసు పవన్ కుమార్‌ది. హర్యానా ప్రభుత్వంలో నాలుగో తరగతి ఉద్యోగి. 294 కింద ఒప్పుకుని ఇరవై రూపాయలు కట్టాడు. ఆ ఇరవై రూపాయలకు ఉద్యోగం పోయింది. 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్తేగాని న్యాయం దొరకలేదు. 294 కింద శిక్ష పడినంత మాత్రాన నైతిక పతనం కాదని ఆ తీర్పు చెప్పింది. అంతటితో ఆగలేదు. రెండు వేల రూపాయల దాకా జరిమానా పడ్డ చిన్న కేసుల్ని సర్కారు కొలువుల విషయంలో శిక్షగానే లెక్కించకుండా చట్టం చేయమని పార్లమెంటుకు సూచించింది. దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. కొత్త సంహితలు రాస్తున్నప్పుడైనా ఆ పేజీ తెరవాల్సింది. జరిమానా అంకెలు మార్చడానికి తీరిక దొరికింది, ఇది రాయడానికి దొరకలేదు.

తప్పు నిజంగానే జరిగి, ఒప్పుకోక తప్పని చోట కూడా ఒక దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం మూడో సెక్షను. పాత నేరం లేనివాడిని రెండేళ్లకు మించని శిక్ష ఉన్న ఏ నేరంలోనైనా మందలించి వదిలేయొచ్చు. పన్నెండో సెక్షను ప్రకారం ఆ శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదు. నేరం జరిగిందన్న మాట మాత్రం చెరిగిపోదని 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఇది పూర్తి కవచం కాదు. అయినా జరిమానా రసీదుకంటే ఎంతో మేలు. నోటిమాటగా అడగొచ్చు, ఒక పేజీ పిటిషను పెట్టొచ్చు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

జాతీయ లోక్ అదాలత్ రోజు పెట్టీ కేసులు కట్టలుగా తెగుతాయి. "రాజీ అయిపోయింది" అని జనం సంబరంగా వెళ్తారు. మా రాష్ట్రంలో 292, 296 రాజీకి వీలున్న నేరాలు కావు. అక్కడా జరిగేది ఒప్పుకుని జరిమానా కట్టడమే. జరిమానా తగ్గుతుందని సంతోషించండి గానీ కేసు లేనట్టేనని అనుకోవద్దు.

ఆడపిల్లల ముందు కావాలని బట్టలు విప్పడం, స్నానాల రేవులో ఫోనుతో వీడియో తీయడం ఈ లెక్కలోకి రావు. వాటికి 75, 77, 79 సెక్షన్లు వేరే ఉన్నాయి. అలాంటి కేసు తెచ్చి "ఎంతో కొంత కట్టేసి తేల్చండి" అనేవాళ్లతో నేను మాట్లాడను. బాధితురాలు కేసు పెట్టిన చోట జరిమానా బేరం లేదు.

మీ పిల్లాడి పేర పెట్టీ కేసు సమన్లు వస్తే, ఒప్పుకోలు చెప్పకముందే లాయరుకు చూపించండి. గిరిజనులకు, ఆడవాళ్లకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల కమిటీ లాయరును ఉచితంగా ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే అడగండి.