నాగులేటి ఒడ్డున వీరులగుడి

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడు జిల్లా కారంపూడిలో కత్తులు బయటికొస్తాయి. కంగారు పడకండి... కొట్టుకోవడానికి కాదు, పూజకి! పల్నాటి వీరుల ఆచారవంతులు ఎక్కడెక్కడి నుంచో ఆయుధాలను మోసుకొస్తారు. వాటిని కొణతాలంటారు. నాగులేటిలో కడిగి వీరులగుడికి తీసుకెళ్తారు. అయిదురోజుల వేడుక. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఆ పేర్లు వింటే చాలు, కథ సగం తెలిసిపోతుంది.

పన్నెండో శతాబ్దం మాట. గురజాలలో నలగామరాజు, ఆయన పక్కన నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకు అండగా బ్రహ్మనాయుడు. రాజులిద్దరూ అన్నదమ్ములే. అసలు పోటీ మంత్రుల మధ్య. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోయారు. గడువు తీరాక తమ వాటా అడగమని అలరాజును రాయబారం పంపారు. అతను నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా ప్రాణాలతో తిరిగి రాలేదు. విషం పెట్టారని కథ. పెట్టిన చెయ్యి ఎవరిది, పెట్టించిన మాట ఎవరిది? ఆ లెక్క తేల్చే చోటు అప్పట్లో లేదు. తేల్చుకోవడానికి అందరూ కారంపూడికే వచ్చారు. అన్ని కులాలవారినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన బ్రహ్మనాయుడు కూడా ఆ యుద్ధాన్ని ఆపలేకపోయాడు.

పౌరుషం గురించి ఇక్కడ ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. కేసుల గురించి అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. 2024 మే 13న పోలింగ్ జరిగినప్పుడూ, ఆ తర్వాతా పల్నాడులో పార్టీల మధ్య గొడవలు చెలరేగాయి. కారంపూడీ అందుకు మినహాయింపు కాలేదు. 144వ సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేయించింది. దర్యాప్తుకు సిట్ వేశారు.

ఇలాంటి కేసుల్లో ఊళ్లవాళ్లకు కంఠతా వచ్చే అంకె ఒకటుంది... 149. అయిదుగురూ అంతకన్నా ఎక్కువమందీ ఒకే చెడు ఉద్దేశంతో గుమికూడితే, అందులో ఒకడు చేసిన నేరానికి తక్కినవాళ్లూ బాధ్యులే. కర్ర ఎత్తనివాడికీ తప్పదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో ఇది 190వ సెక్షనయింది. ఆ మే గొడవలు అంతకు ముందువి కాబట్టి వాటికి పాత చట్టమే వర్తిస్తుంది.

దీనిమీద వకీళ్లు ఇప్పటికీ చూపించే తీర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మసాల్తీ కేసులోది. బాందా జిల్లాలో 1961లో ఊళ్లోని రెండు వర్గాల కక్ష అయిదుగురిని బలితీసుకుంది. గుంపులో ప్రతివాడూ ఫలానా దెబ్బ కొట్టాడని విడివిడిగా రుజువు చేయనక్కర్లేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే తీర్పులో ఓ జాగ్రత్తా ఉంది. నిందితులూ సాక్షులూ ఎక్కువమంది ఉన్నప్పుడు కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒకేమాటగా చెబితేనే శిక్ష వేయడం మేలన్నది దాని సారం. గొడవేంటో చూద్దామని అరుగు దిగి వచ్చినవాడు గుంపులో సభ్యుడు కాడు. నిజానికి కక్షలున్న ఊళ్లలో అసలు ప్రమాదం అక్కడే! ఫిర్యాదు రాసేటప్పుడు అవతలి ఇంట్లో మగవాళ్ల పేర్లన్నీ వరసగా ఎక్కించడం ఎరగనిదేం కాదు. ఉద్యోగంలో ఉన్న కొడుకు పేరయితే ముందే ఎక్కుతుంది. నిర్దోషి అని తేలేలోపు ఎన్ని వాయిదాలో!

అవతలివాళ్లూ ఊరుకోరు. ఎదురు కేసు పెడతారు. ఒకే గొడవ మీద రెండు కేసులుంటే ఒకే జడ్జి ఒకదాని తర్వాత ఒకటి విచారించి, తీర్పులు వెంటవెంటనే చెప్పాలని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. దేని సాక్ష్యం దానిదే, ఒకదాన్ని ఇంకోదానిలో వాడుకోకూడదు.

గురజాలలో ఇప్పుడు రాజు లేడు. కోర్టుంది. కారంపూడి నుంచి మాచర్ల చెన్నకేశవస్వామి గుడికి వెళ్లేవారు కాస్త దారి మళ్లి ఆ ఊరూ చూడొచ్చు. వాయిదా రోజైతే రెండు వర్గాలవాళ్లూ అక్కడే, ఒకే చెట్టుకింద, చెరోవైపు కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు.